రోడ్డెక్కని బండి, దుకాణం గడప

సభకు నమస్కారం.

కాలిఫోర్నియాలో స్థిరపడి, సెలవు రోజుల్లో పిల్లలను గ్లామిస్ ఇసుక దిబ్బలకో, అడవి దారులకో తీసుకువెళ్లి ఏటీవీలు, అంటే రోడ్డు లేని చోట తిరిగే నాలుగు చక్రాల చిన్న మోటారు బండ్లు, నడిపించే తల్లిదండ్రులు ఈ సభలోనూ ఉన్నారు. అందుకే ఆ బండ్లను తయారుచేసేవారినీ అమ్మేవారినీ ప్రభుత్వం ఎలా అదుపు చేస్తోందో ఈ రోజు మీకు వివరించదలచాను. రోడ్డు మీద కారును ఏ మలుపులోనైనా పోలీసు ఆపగలడు. మనిషి అలికిడి లేని అడవి దారిలో పదేళ్ల పిల్లవాడు పెద్దల బండి తోలుతుంటే ఆపేవారు దాదాపు ఉండరు. కాబట్టి చట్టం గట్టిగా నిలబడవలసిన చోటు కర్మాగారమూ, దుకాణం గడపా అని నేను నమ్ముతున్నాను.

ఈ బండి స్వభావం తెలిస్తే ఆ మాటకు కారణం తెలుస్తుంది. దాని చక్రాల మధ్య దూరం తక్కువ, బరువు కేంద్రం ఎత్తులో ఉంటుంది. మలుపు తిరిగేటప్పుడు తోలేవాడు తన ఒంటి బరువును అటూ ఇటూ మార్చి బండిని నిలబెట్టుకోవాలి. రెండు వందల కిలోలు దాటిన బండి మీద పాతిక కిలోల పిల్లవాడు ఎంత ఒరిగినా దానికి లెక్క ఉండదు. ఒకప్పుడు అమ్మిన మూడు చక్రాల ఏటీవీలయితే మరింత సులభంగా బోల్తా పడేవి. 1980లలో ఆసుపత్రులకు చేరిన పిల్లల సంఖ్య చూసి అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం రంగంలోకి దిగింది. 1988లో హోండా, యమహా, సుజుకి, కవాసాకి, పొలారిస్ సంస్థలు న్యాయస్థానం ఎదుట సమ్మతి డిక్రీలకు, అంటే కోర్టు ఆమోదంతో కుదిరి పాటించి తీరవలసిన ఒప్పందాలకు, ఒప్పుకున్నాయి. మూడు చక్రాల కొత్త బండ్ల అమ్మకం ఆగిపోయింది. 90 సీసీ దాటిన బండిని 16 ఏళ్లలోపు వారి కోసం అమ్మరాదని, కొన్నవారికి ఉచితంగా శిక్షణ ఇవ్వాలని, డీలర్లు ఈ నియమం పాటిస్తున్నారో లేదో కనిపెట్టి ఉండాలని తయారీదారులే బాధ్యత తీసుకున్నారు. అమ్మే మనిషి నోటి మాటకు కూడా తయారుచేసినవాడు జవాబుదారీ కావడం ఆ ఏర్పాటులోని గొప్పతనం.

ఆ డిక్రీల గడువు పదేళ్లే. 1998 తరువాత మిగిలినవి స్వచ్ఛంద హామీలు. వాటికి కట్టుబడని కొత్త దిగుమతిదారులు చవక బండ్లను తెచ్చి అమ్మారు. తరువాతి దశాబ్దంలో గాయాలు మళ్లీ పెరిగాయి. చివరికి 2008లో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెసు చేసిన వినియోగ వస్తువుల భద్రతా సంస్కరణ చట్టం, ప్రతి తయారీదారూ ప్రతి దిగుమతిదారూ భద్రతా ప్రమాణాన్ని పాటించాలని, తన కార్యాచరణ ప్రణాళికను సంఘానికి సమర్పించి ఆమోదం పొందాలని శాసించింది.

అదే చట్టం మరోచోట గురి తప్పింది. పిల్లల వస్తువుల్లో సీసంపై పెట్టిన పరిమితి పిల్లల ఏటీవీలకూ వర్తించడంతో, బ్యాటరీలోనూ టైరు వాల్వులోనూ ఉండే సీసం కారణంగా 2009లో డీలర్లు ఆ చిన్న బండ్లను అమ్మకం నుంచి తీసేయవలసి వచ్చింది. చిన్న బండి దొరకకపోతే పిల్లవాడు పెద్ద బండి ఎక్కుతాడన్న ఆందోళన అప్పుడు చాలామంది వెలిబుచ్చారు, అది న్యాయమైన ఆందోళన. 2011 ఆగస్టులో కాంగ్రెసు ఆ బండ్లకు మినహాయింపు ఇచ్చింది.

నియమం ఉన్నంత మాత్రాన దుకాణంలో అది అమలవుతుందా? 2010లో కాంగ్రెసు తరఫున ప్రభుత్వ పనితీరును తనిఖీ చేసే ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం పరిశోధకులు కొనుగోలుదారుల వేషంలో పది మంది డీలర్ల దగ్గరికి వెళ్లి, పిల్లవాడి కోసం పెద్దల బండి అడిగారు. ఏడుగురు అమ్మడానికి సిద్ధపడ్డారు. ఇది నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. సంతకాలు, హెచ్చరిక చీటీలు, ప్రణాళికలు అన్నీ ఉన్నాయి. బేరం కుదిరే క్షణంలో మాత్రం ఒక మనిషి 'వద్దు' అనలేకపోయాడు.

ఇక్కడే రాష్ట్రం పాత్ర మొదలవుతుంది. కాలిఫోర్నియాలో ఏటీవీ డీలరుకు మోటారు వాహనాల శాఖ, అంటే డీఎంవీ, లైసెన్సు ఇస్తుంది. మామూలు కార్ల డీలరు 50,000 డాలర్ల పూచీ బాండు పెట్టాలి. మోటారు సైకిళ్లు, ఏటీవీలు మాత్రమే అమ్మేవారికి 10,000 డాలర్లు చాలు. ఆ బాండు మోసపోయినవారికి రక్షణ గనుక మొత్తం పెంచాలనే నేను కోరతాను. అంతకన్నా విలువైనది లైసెన్సే. పిల్లలకు పెద్ద బండి అమ్మినట్టు రుజువైతే లైసెన్సుకు ముప్పు ఉంటుందన్న భయం, గోడ మీది హెచ్చరిక కన్నా బలంగా పనిచేస్తుంది.

డీలరును భయపెడితే చాలదు, అతనికి అండ కూడా కావాలి. అమ్మకాలు తగ్గాయని తయారీదారు ఏజెన్సీ లాగేసుకుంటాడన్న బెదురు ఉన్నవాడు బేరం ఎలా వదులుకుంటాడు? కాలిఫోర్నియా వాహన చట్టంలో ఫ్రాంచైజీ, అంటే తయారీదారు తన బండ్లు అమ్మేందుకు డీలరుతో చేసుకునే ఒప్పందం, నిర్వచనం కొత్త ఏటీవీలను కూడా కలుపుకుంటుంది. ఒప్పందం రద్దు చేయాలంటే తయారీదారు సాధారణంగా 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. డీలరు 30 రోజుల్లో ఇలాంటి తగాదాలు తీర్చే రాష్ట్ర సంస్థ న్యూ మోటార్ వెహికల్ బోర్డు ఎదుట అభ్యంతరం చెప్పవచ్చు. రద్దుకు తగిన కారణం ఉందా అని తేల్చేటప్పుడు బోర్డు డీలరు పెట్టుబడితోపాటు ప్రజాహితాన్నీ చూస్తుంది. ఈ నిబంధనను వ్యాపార తగాదాల సంగతిగా భావిస్తారు గానీ, నా దృష్టిలో ఇది నిజాయితీగా 'వద్దు' అన్న డీలరుకు వెన్నుదన్ను.

మిగిలిపోయినది చేతులు మారే పాత బండి. ఇంటి ముందు అమ్మకపు అట్ట పెట్టిన వ్యక్తికి లైసెన్సూ లేదు, బాండూ లేదు. కొనేవారి వయసు అతను అడగడు, కొత్త బండికి వేలాడే వయసు చీటీ అప్పటికే ఎప్పుడో పోయి ఉంటుంది. అయితే ఆ బండి యాజమాన్యం కొత్త పేరు మీదికి మారాలంటే కాగితం డీఎంవీకి రావాలి. ఆ కాగితంతోపాటే బండి ఏ వయసు వారికి తగినదో, శిక్షణ ఎక్కడ దొరుకుతుందో తెలిపే పత్రం కొన్నవారి చేతికి అందేలా చేయాలని నేను శాసనసభ్యులకు రాశాను. మీరూ మీ ప్రాంత సభ్యులకు రాయవలసిందిగా కోరుతున్నాను.