పొగమంచులో కామెంటరీ, యుద్ధంలో లీగ్

అందరికీ నమస్కారమండి. ఇవాళ 1939-40 నాటి స్కాట్లండ్ ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకుందాం. రికార్డు పుస్తకాల్లో ఆ సీజన్‌ని అఫీషియల్‌గా లెక్కలోకి తీసుకోరు, నాకైతే అది చాలా అన్యాయం అనిపిస్తుంది.

సెప్టెంబర్ 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. అప్పటికి ఫస్ట్ డివిజన్‌లో ఐదేసి మ్యాచ్‌లు అయ్యాయి, రేంజర్స్ టాప్‌లో ఉంది, అక్కడితో లీగ్ ఆపేశారు, ప్లేయర్ల కాంట్రాక్టులూ పోయాయి. బాంబులు పడతాయన్న భయం ఉన్నప్పుడు వేలమందిని ఒకచోట ఎలా చేరుస్తారు చెప్పండి, పైగా రైళ్లేమో సైన్యానికి కావాలి. అందుకే దూరప్రయాణాలు లేకుండా ఈస్ట్, వెస్ట్ అని రెండు ముక్కలు చేసి ఒక్కోదాంట్లో 16 టీమ్‌లు పెట్టి అక్టోబర్‌లో మళ్లీ మొదలెట్టారు. మొత్తం 38 క్లబ్బులండీ, అంటే ఆరు బయటే ఉండిపోయాయి, బ్రెకిన్, మాంట్రోజ్, ఫోర్‌ఫర్ లాంటి చిన్న ఊళ్లవే ఎక్కువ. ఈస్ట్ వాళ్లకి ఇంకో దెబ్బ, రేంజర్స్, సెల్టిక్ రెండూ వెస్ట్‌లోనే, ఆ టీమ్‌లు వస్తే స్టేడియం నిండి నాలుగు డబ్బులు వచ్చేవి, అవి కాస్తా పోయాయి.

ఇక 1940 జనవరి 1. ఎడిన్‌బరోలో ఈస్టర్ రోడ్ గ్రౌండ్, హిబ్స్‌కీ హార్ట్స్‌కీ మ్యాచ్, ఇద్దరూ ఒకే ఊరి వాళ్లు, పోటీ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. దూరంగా ఉన్న సైనికుల కోసం బీబీసీ కామెంటరీ పెట్టింది. తీరా చూస్తే పొగమంచు, పిచ్ కనపడట్లేదు! మ్యాచ్ ఆపేద్దామంటే, పొగమంచు వల్ల ఆపామని రేడియోలో చెప్పకూడదు, ఎందుకంటే వాతావరణం యుద్ధ రహస్యం, జర్మన్ విమానాలు అక్టోబర్‌లోనే దగ్గర్లోని ఫోర్త్ తీరం మీదకి వచ్చి బాంబులేసి వెళ్లాయి. అందుకని బాబ్ కింగ్స్‌లీ అనే కామెంటేటర్ మైక్ ముందు కూర్చుని, కింద నుంచి మనుషులు పరిగెత్తుకొచ్చి చెప్పిన నాలుగు ముక్కలూ పట్టుకుని, మిగతాదంతా ఊహించి, మంచు అన్న మాటే నోట రాకుండా మ్యాచ్ మొత్తం చెప్పుకొచ్చాడు. హార్ట్స్ 6-5తో గెలిచింది, అంటే పదకొండు గోల్స్, చూసినవాళ్లు లేరు! మ్యాచ్ అయిపోయిందని తెలీక హార్ట్స్ ప్లేయర్ డొనాల్డ్‌సన్ ఇంకా ఆ మంచులోనే నిలబడి ఉన్నాడట. ఇంటికి దూరంగా రేడియో చుట్టూ మూగిన ఆ కుర్రాళ్లకి ఒక పూట తమ ఊరి ఆట వినిపించింది చూడండి, అందుకే ఆ కామెంటరీని నేను అబద్ధం అనలేను.

చివరికి వెస్ట్‌లో రేంజర్స్, ఈస్ట్‌లో ఫాల్కిర్క్ గెలిచాయి, రెండిటి మధ్య ఫైనల్ పెడితే 2-1తో రేంజర్స్‌దే టైటిల్. ఈస్ట్ డివిజన్ ఆ ఒక్క సీజనే నడిచింది. తర్వాతి ఏడాది పెట్టిన లీగ్‌లో హార్ట్స్, హిబ్స్, ఫాల్కిర్క్‌లకి చోటు దొరికింది గానీ అబర్డీన్ అంతటి క్లబ్బు కూడా ఒక ఏడాది మూతపడింది. అబర్డీన్ తర్వాత తిరిగొచ్చింది. ఎడిన్‌బరోలోనే సెయింట్ బెర్నార్డ్స్ అని ఇంకో పాత క్లబ్ ఉండేది, 1895లో స్కాటిష్ కప్ గెలిచిన టీమ్, అదీ ఆ సీజన్‌లో ఈస్ట్‌లో ఆడింది. యుద్ధం అయ్యేలోపే గ్రౌండ్ అమ్మేసుకుని కనుమరుగైపోయింది.