మైసూరు నుంచి కబినికి, ఏనుగు వెనకాలే

శ్రోతలందరికీ నమస్కారమండీ. ఈరోజు ఒక ట్రిప్ గురించి చెప్తాను, మైసూరు, ఆ తర్వాత కబిని అడవి. మైసూరు మనకి కొత్తేం కాదు, మా అనంతపురం వైపు స్కూల్ టూర్ అంటేనే మైసూరు, ప్యాలెస్, చాముండి కొండ, జూ, సాయంత్రం బృందావన్ గార్డెన్స్, తెల్లారి బస్సు ఊటీ వైపు తిరిగిపోతుంది. నేనూ అట్లనే మూడుసార్లు చూశా. నాలుగోసారి, 2024 ఏప్రిల్‌లో అమ్మని తీసుకుపోయినప్పుడు మాత్రం ఒక గైడుని మాట్లాడుకున్నాం. రెండ్రోజులు ఊళ్ళో, రెండ్రోజులు అడవిలో, మొత్తం ఆయనే మాతో ఉండాలి. అంతకుముందు ఇంకొకరికి ఫోన్ చేస్తే మొదటి మాటే "పులి గ్యారంటీ మేడం" అన్నారు, అడవిలో దేనికీ గ్యారంటీ ఉండదు కదండీ, అందుకే వద్దనుకున్నాం. ఈయన మాత్రం "మీకు ఏనుగుల కథ చెప్తాను, వినే ఓపికుంటే రండి" అన్నాడు. కన్నడ యాసలో తెలుగు, వినడానికి ఎంత బాగుందో.

ప్యాలెస్ గురించి కొంచెం చెప్పాలి. ఇప్పుడు మనం చూసేది పాతదేం కాదు. అంతకుముందున్న చెక్క ప్యాలెస్ 1897లో రాజకుమారి పెళ్ళి వేడుకల్లోనే అంటుకుని కాలిపోతే, హెన్రీ ఇర్విన్ అనే ఆర్కిటెక్టుతో ఇది కట్టించారు, 1912కి పూర్తయింది. లోపల కల్యాణ మంటపంలో ఇనప స్తంభాలు స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో పోతపోయించి తెప్పించినవి, పైకి చూస్తే రంగురంగుల అద్దాల్లో నెమళ్ళు. అందరం ఆ నెమళ్ళే చూస్తాం. మా గైడు మాత్రం అమ్మని గోడ దగ్గరికి తీసుకుపోయి "అమ్మా, తల దించి ఇటు చూడండి" అన్నాడు. గోడ పొడుగునా దసరా ఊరేగింపు బొమ్మలు, గుర్రాలు, సిపాయిలు, బ్యాండువాళ్ళు, మధ్యలో అంబారీ మోస్తున్న ఏనుగు. ఇన్నిసార్లు వచ్చాను, ఒక్కసారి కూడా ఆ గోడ ముందు రెండు నిమిషాలు నిలబడలేదు.

ఈ దసరా మైసూరు రాజులు, అంటే ఒడెయర్లు, 1610లో శ్రీరంగపట్నంలో మొదలుపెట్టింది. ఒకప్పుడు అంబారీలో రాజుగారు కూర్చునేవారు, ఇప్పుడు చాముండేశ్వరీ దేవి విగ్రహం ఉంటుంది. ఆ బంగారు అంబారీ బరువు 750 కిలోలు. దాన్ని వీపున పెట్టుకుని, చుట్టూ లక్షల జనం, బాజాలు, ఫిరంగుల మోత, అంత గోలలో ఏనుగు బెదరకుండా ప్యాలెస్ నుంచి బన్నిమంటపం దాకా దాదాపు ఐదు కిలోమీటర్లు నడవాలి. అందుకే పండగకి రెండు నెలల ముందే అడవి క్యాంపుల నుంచి ఏనుగుల్ని ఊళ్ళోకి తెస్తారు, దీన్ని గజపయణ అంటారు. ఒకప్పుడు నడిపించుకుంటానే వచ్చేవాళ్ళు, ఇప్పుడు లారీల్లో తెస్తున్నారు. వచ్చాక ముందు ఇసుక మూటలు వీపున కట్టి నడిపిస్తారు, కొన్నాళ్ళకి బరువు పెంచుతారు, ఆ తర్వాత చెక్క అంబారీ, ఫిరంగులు కూడా ముందుగానే పేల్చి అలవాటు చేస్తారు.

ఊళ్ళో మిగతావి తొందరగా చెప్పేస్తా. దేవరాజ మార్కెట్లో మైసూరు మల్లె, నంజనగూడు అరటిపండ్లు, కుంకుమ రాసులు, అమ్మ అక్కడ గంటన్నర కదల్లేదు. సంగీతం అంటే ఇష్టమున్నవాళ్ళకి ఒక మాట, మైసూరు ఆస్థాన విద్వాంసులు వాసుదేవాచార్యుల వారు తెలుగులో ఎన్నో కీర్తనలు రాశారు, కన్నడ రాజుగారి కొలువులో మన భాష అంత బాగా వినపడింది. ప్యాలెస్ లైట్లు చూడాలంటే ఆదివారం సాయంత్రం ఉండేట్టు ప్లాన్ చేసుకోండి, దాదాపు లక్ష బల్బులు ఒక్కసారిగా వెలుగుతాయి.

మూడోరోజు పొద్దున్నే హెచ్.డి. కోటె మీదుగా కబిని వైపు బయల్దేరాం. డెబ్బై ఎనభై కిలోమీటర్లు ఉంటుందేమో, దారంతా పత్తి, రాగి, అరటితోటలు. కారులోనే గైడు అర్జునుడి కథ మొదలుపెట్టాడు.

అర్జునుడు అంటే ఏనుగు. 2012 నుంచి 2019 దాకా ఎనిమిదిసార్లు అంబారీ మోసినవాడు. 1968లో కాకనకోటె అడవిలో ఖెడ్డాలో దొరికాడు. ఖెడ్డా అంటే ఏంటంటే, నది ఒడ్డున పెద్ద పెద్ద దుంగలతో దడి కట్టి, వందలమంది డప్పులు కొట్టుకుంటా, కాగడాలు పట్టుకుని మందని తోలుకొచ్చి నదిలోకి దించి, అటునుంచి దడిలోకి ఎక్కించి గేటు పడేసేవాళ్ళు. ఆ తర్వాత మచ్చికైన ఏనుగుల్ని లోపలికి పంపి ఒక్కోదానికీ తాళ్ళు వేసేవాళ్ళు. ఇదంతా చూడ్డానికి రాజుగారి అతిథులు వచ్చేవాళ్ళు. ఆ పనిలో ముందుండి నడిచింది ఈ అడవి మనుషులే, జేను కురుబలు, జేను అంటే తేనె. ఈరోజుకీ మావటుల్లో చాలామంది వాళ్ళే. వాళ్ళ కుటుంబాలు ఎన్నింటినో అడవి నుంచి బయటికి పంపేశారు, మా ఊళ్ళు మాకివ్వండి అని వాళ్ళు ఇంకా అడుగుతానే ఉన్నారు, అడవి చూడ్డానికి పోయే మనం ఆ సంగతి కూడా తెలుసుకోవాలి అనిపిస్తుంది నాకు. ఆఖరి ఖెడ్డా 1971లో జరిగింది, 1974కి కబిని డ్యాం పూర్తయి ఆ లోయే నీళ్ళ కిందికి పోయింది.

అరవై దాటిన ఏనుగు మీద బరువు పెట్టకూడదని 2020 నుంచి అంబారీ అభిమన్యుకి ఇచ్చారు. అదే అర్జునుణ్ణి 2023 డిసెంబర్ 4న సక్లేశ్‌పుర వైపు అడవి ఏనుగుల్ని పట్టే పనికి తీసుకుపోతే, అక్కడ మదమెక్కిన ఏనుగుతో కొట్లాడి చచ్చిపోయాడు. మేము పోయేటప్పటికి నాలుగు నెలలు. అంబారీకి వయసైపోయినవాడు కొట్లాటకి ఎట్లా పనికొచ్చాడు అని అమ్మ అడిగింది, గైడు ఏం మాట్లాడలేదు. నాకూ ఇప్పటికీ కోపంగానే ఉంది.

సాయంత్రం బోటు సఫారీ. ఎండాకాలం డ్యాంలో నీళ్ళు తగ్గితే ఒడ్డున పచ్చగడ్డి మొలుస్తుంది, దానికోసం మార్చి నుంచి మే దాకా చుట్టుపక్కల అడవుల నుంచి ఏనుగులు మందలు మందలుగా దిగుతాయి. నీళ్ళలో అప్పుడు మునిగిన చెట్ల మోళ్ళు ఇంకా అట్లనే నిలబడి ఉన్నాయి, వాటి మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటా కూర్చున్నాయి. ఇంజన్ ఆపేశారు. ఒక ఆడ ఏనుగు, పక్కన పిల్ల, మాకు ముప్పై అడుగులు ఉంటుందేమో. తొండంతో గడ్డి దుబ్బు పీకి, ముందుకాలికి టప్ టప్‌మని రెండుసార్లు కొట్టి, వేళ్ళకున్న మట్టి రాలిపోయాక అప్పుడు నోట్లో పెట్టుకుంది. మళ్ళీ పీకింది, మళ్ళీ కొట్టింది. పిల్ల కూడా అట్లనే కాలికి కొట్టబోయి గడ్డి కింద పడేసుకుంది. అమ్మ నా చెయ్యి పట్టుకుని "మనం కొత్తిమీర కట్ట దులుపుకున్నట్టే" అంది మెల్లిగా. "ఆ ఒడ్డున లోపలికి పోతే బళ్ళె క్యాంపు, అర్జునుడు అక్కడే ఉండేవాడు" అని గైడు చెయ్యి చూపించాడు.

పోవాలనుకునేవాళ్ళు బయల్దేరే ముందు సఫారీ నడుస్తోందో లేదో కనుక్కోండి, ఆపేసే రోజులు కూడా ఉంటాయి. మెరిసే రంగుల బట్టలొద్దు. రాత్రిపూట అడవి రోడ్ల గేట్లు మూసేస్తారు, చీకటి పడకముందే చేరిపోండి.

తెల్లారి జీపు సఫారీలో పులి కనపడలేదు. కొండముచ్చు అరిచింది, దుప్పులు తోకలెత్తి నిలబడ్డాయి, ఒక పావుగంట ఊపిరి బిగబట్టి చూశాం, పొదల్లో ఏదో కదిలి వెళ్ళిపోయింది, అంతే. తిరిగొచ్చేటప్పుడు గైడు జీపు ఆపించి దారి మట్టిలోకి చూపించాడు. పళ్ళెమంత ఏనుగు అడుగులు, వాటి పక్కనే పొడుగ్గా ఒక గీత, ఎవరో కట్టెతో గీసినట్టు. అది గొలుసు గీత అన్నాడు. క్యాంపు ఏనుగుల్ని రాత్రి మేతకి అడవిలోకి వదుల్తారు, కాలికి పొడుగు గొలుసు ఉంటుంది, తెల్లారి మావటి ఆ గీత పట్టుకునే పోయి ఎక్కడుందో వెతికి తెచ్చుకుంటాడు. రాత్రి అడవి ఏనుగుల్తో కూడా కలుస్తాయా అని అమ్మ అడిగింది. "కలుస్తాయమ్మా, పొద్దునకి మళ్ళీ పిలిస్తే వస్తాయి" అన్నాడు. జీపు కదిలింది. అమ్మ పక్కకి వంగి, ఆ గీత దారి దిగి వెదురు పొదల్లోకి పోయేదాకా చూస్తానే ఉంది.