సార్ మోచేయి

వేదిక మీదున్న పెద్దలందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే నాకిచ్చిన పదిహేను నిమిషాలూ అందులోనే అయిపోతాయి, మన్నించండి.

పళ్ల వైద్యం సాధన చేసుకునే ఈ కొత్త సిమ్యులేటర్ ల్యాబ్ గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. ముందు మా సార్ మోచేయి గురించి చెప్పనివ్వండి.

పళ్ల గార తీసే స్కేలింగ్‌లో నా మొదటి పేషెంటు. కింది ముందు పళ్ల లోపలి వైపు గార గట్టిగా పట్టేసింది. నా చేతిలో గార గీకే పరికరం, క్యూరెట్, వణుకుతోంది. చిగురు నుంచి రక్తం వస్తోంది కానీ గార కదలడం లేదు. సార్ వచ్చి "లేవయ్యా" అన్నారు. నా స్టూలు మీద కూర్చుని, అయిదు నిమిషాల్లో పని ముగించి వెళ్లిపోయారు. వెనక నిలబడ్డ నాకు కనిపించింది ఆయన మోచేయి ఒక్కటే. దాన్ని చూసి నేనేం నేర్చుకోవాలి? ఇన్నేళ్లయినా ఆ కోపం పోలేదు.

అందుకే ఈ యంత్రాలంటే నాకు ఇష్టం. 1894లో ఓస్వాల్డ్ ఫెర్గస్ ఫాంటమ్ హెడ్, అంటే సాధనకు వాడే బొమ్మ తల, తెచ్చినప్పటి నుంచి మనం బొమ్మ నోట్లోనే మొదలుపెడుతున్నాం. కానీ ప్లాస్టిక్ పంటికి పూసిన గార ఒకసారి గీకితే పోయింది, మళ్లీ పూసుకోవాలి. చేతికి స్పర్శ తెలిసేలా చేసే హ్యాప్టిక్ సిమ్యులేటర్‌లో అదే గార, అదే చోట, ఇరవై సార్లు ప్రయత్నించొచ్చు. మీ చేయి ఎక్కడ తప్పిందో వెనక్కి తిప్పి చూసుకోవచ్చు.

చూసుకోవాల్సింది ముఖ్యంగా కోణం. క్యూరెట్‌ను చిగురు కిందకి దించేటప్పుడు బ్లేడు దాదాపు పంటికి ఆనుకునే ఉండాలి, 40 డిగ్రీల లోపు. గీకేటప్పుడు 45 దాటాలి, 90 దాటకూడదు. 90 దాటితే చిగురు తెగుతుంది, అది వెంటనే తెలుస్తుంది. 45 కంటే తక్కువైతేనే అసలు ప్రమాదం. బ్లేడు గార మీద జారి దాన్ని నున్నగా చేసేస్తుంది. తర్వాత పంటిని తడిమి చూసే సన్నటి మొన, ఎక్స్‌ప్లోరర్, పెట్టి చూస్తే గరుకు తగలదు. శుభ్రమైందనుకుని పేషెంటును పంపించేస్తాం.

ఇక నా ఫిర్యాదు. ఇలాంటి యంత్రాల్లో చిగురును పారదర్శకంగా చేసే సౌకర్యం కూడా ఉంటుంది. పిల్లలు మొదటి రోజే అది నొక్కేస్తారు! కింద గార కనిపిస్తుంది, గీకేస్తారు, మార్కులు వచ్చేస్తాయి. నిజం నోట్లో చిగురు కింద ఏం కనిపిస్తుంది చెప్పండి? వేలికి తగిలిందే లెక్క. పైగా ఉంగరపు వేలు ఆనించే పన్ను తడిగా ఉంటుంది, నాలుక తోస్తుంది, పేషెంటు గుటక వేస్తాడు. ఆ ఆనింపు, అదే ఫింగర్ రెస్ట్, జారిందంటే స్క్రీన్ మీద తెచ్చుకున్న మార్కులన్నీ దానితోపాటే జారిపోతాయి.

టీచర్లకూ ఒక మాట. యంత్రం వచ్చింది కదా అని స్టాఫ్‌రూమ్‌లో కూర్చోకండి. మా సార్ కనీసం మోచేయి చూపించారు.

రిబ్బన్ కత్తిరించమని కత్తెర చేతికిచ్చారు. దాన్ని తర్వాత చూద్దాం. రెండో వరసలో అమ్మా, నువ్వే, ఇలా రా. కూర్చో. ఎవరైనా ఆ స్క్రీన్ ఆపండి. పూర్తిగా ఆపండి. ఇప్పుడు ఎక్స్‌ప్లోరర్ పట్టుకో తల్లీ, గట్టిగా కాదు. పంటి వెంట మెల్లగా దిగు. గరుకు తగిలిన చోట ఆగి చెప్పు, మేమంతా ఆగుతాం.