చంటిపిల్లలతో బయటికెళ్తే అంత చెత్త ఎందుకవుతుంది?

[దృశ్యం: హోటల్లో ఒక బల్ల. ఎత్తు కుర్చీలో రెండేళ్ల పాప. బల్ల మీద చింపిన టిష్యూలు, సగం తాగిన నీళ్ల సీసా, నమిలి వదిలేసిన కాగితం స్ట్రా, రెండు ముక్కలు మిగిలిన బిస్కెట్ ప్యాకెట్.]

ఈ బల్ల చూడండి. వీళ్లొచ్చి పావుగంటే అయింది. భోజనం ఇంకా రాలేదు, చెత్త మాత్రం అప్పుడే వచ్చేసింది.

పాపకు ఆకలేసింది, ప్యాకెట్ కొన్నారు. దాహమేసింది, సీసా కొన్నారు. కూర్చోనని గోల చేసింది, టిష్యూల డబ్బా చేతికిచ్చారు. ఎవరైనా అదే చేస్తారు. ముందు ఏడుపు ఆగాలి, మిగతావి తర్వాత. పిల్లలతో బయటికెళ్లినప్పుడు మనం కొనిపడేసేవాటిలో చాలా భాగం ఇలాంటి తొందరలో కొన్నవే. అందుకే ఈ వీడియోలో స్టీలు స్ట్రాల గురించి, వెదురు చెంచాల గురించి పెద్దగా మాట్లాడను. టైమింగ్ గురించి మాట్లాడతాను.

[తెరపై: గడియారం. పక్కన మూడు బొమ్మలు: పార్కు, పళ్లెం, మంచం.]

ప్లాన్ వేసేటప్పుడు ముందు ఎక్కడికెళ్లాలో అనుకుంటాం, తర్వాత ఎలా వెళ్లాలో చూస్తాం. పిల్లల ఆకలి, నిద్ర చివర్లో గుర్తొస్తాయి. దీన్ని తిరగేయండి. ముందు పగటి కునుకు ఎన్నింటికో చూసుకుని, అక్కడినుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదేళ్లలోపు పిల్లల కోసం 2019లో కొన్ని సూచనలిచ్చింది. ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాలు ఆడుతూ, నడుస్తూ, ఏదో ఒక రకంగా కదులుతుండాలి. స్ట్రాలర్‌లో (పిల్లల్ని కూర్చోబెట్టి తోసుకెళ్లే బండిలో) గానీ ఎత్తు కుర్చీలో గానీ బెల్టు పెట్టి ఒకేసారి గంటకు మించి కూర్చోబెట్టకూడదు. ఈ రెండో మాట బయటికెళ్లే ప్రతివాళ్లూ గుర్తుపెట్టుకోవాలి. అరగంట స్ట్రాలర్‌లో తీసుకొచ్చి, దించీ దించగానే కుర్చీలో బిగించి, ఇంకో నలభై నిమిషాలు కదలకుండా కూర్చోమంటే ఏ పిల్లా కూర్చోదు. అది మొండితనం కాదు, కాళ్లు ఊరుకోవడం లేదంతే.

కాబట్టి పార్కు ముందు, భోజనం తర్వాత. చాలామంది "తినేసి పార్కుకెళ్దాంలే" అంటారు. నాకైతే ఆ వరుస ఎప్పుడూ అర్థం కాదు. పరిగెత్తి వచ్చిన పిల్ల నిజమైన ఆకలితో కూర్చుంటుంది, పెట్టింది తింటుంది. పైగా భోజనమయ్యాక నేరుగా ఇంటికే వెళ్తారు కాబట్టి మిగిలింది పట్టుకెళ్లడమూ కుదురుతుంది. వండిన పదార్థం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, 32 డిగ్రీలు దాటిన ఎండలోనైతే గంటే. పార్సెల్ సంచిని పార్కు బెంచీ మీద పెట్టి రెండు గంటలు ఆడిస్తే చివరికి అది చెత్తబుట్టలోకే పోతుంది.

హోటల్‌కు రద్దీ మొదలుకాకముందే చేరుకోండి. వంటింట్లో పని తక్కువ ఉంటుంది కాబట్టి పళ్లెం త్వరగా వస్తుంది. కునుకు వేళకు కనీసం గంట ముందు తినడం పూర్తయ్యేలా చూసుకోండి.

[దృశ్యం: ఫుట్‌పాత్. స్ట్రాలర్ ఎత్తులో కెమెరా. పక్కనే కార్ల పొగ గొట్టాలు.]

ఇక ప్రయాణం. ఇప్పుడు కెమెరా ఉన్న ఎత్తు గమనించారా? స్ట్రాలర్‌లో కూర్చున్న పిల్లల ముఖం నేలకు సుమారు 55 నుంచి 85 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. వాహనాల పొగ ఎక్కువగా ఉండేదీ రోడ్డు నుంచి మీటరు ఎత్తు లోపలే. ఇంగ్లండ్‌లోని సర్రే విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను పరిశీలించి, స్ట్రాలర్‌లో ఉన్న పసివాళ్లు పక్కన నడిచే పెద్దవాళ్ల కంటే 60 శాతం దాకా ఎక్కువ కలుషితమైన గాలి పీల్చే అవకాశం ఉందన్నారు. మనకు అంతగా తెలియని పొగ వాళ్లకు నేరుగా ముఖానికి కొడుతోందన్నమాట. రెండు నిమిషాలు ఎక్కువైనా సందులోంచి వెళ్లండి. సిగ్నల్ దగ్గర స్ట్రాలర్‌ను రోడ్డు అంచు నుంచి వెనక్కి లాగి ఆగండి. ఎండగా ఉందని దాని మీద దుప్పటి మాత్రం కప్పకండి. లోపల గాలి ఆడక వేడి బాగా పెరిగిపోతుంది. గొడుగో, గాలి తగిలే పైకప్పో చాలు.

బస్సో, రైలో ఉంటే ఎక్కేయండి. మూడేళ్ల పిల్లకు కిటికీ పక్క సీటే సగం షికారు. ఒక పూటకు ఒక్క చోటు చాలు. పార్కు, గ్రంథాలయం, మ్యూజియం, ఏదో ఒకటి. మూడు చోట్లు చూపించాలనుకుంటే మీరే అలిసిపోతారు. పిల్లకు గుర్తుండేది గోడ పక్కన చీమల బారు. ఒక చీమ తనకంటే పెద్ద రెక్కను ఈడ్చుకుపోతుంటే, మోకాళ్ల మీద వంగి, అది కన్నంలోకి దూరేదాకా కదలదు. అలాంటప్పుడు "పద పద" అనకండి. టిక్కెట్టు లేదు, చెత్త లేదు, పావుగంట హాయిగా గడిచిపోయింది.

[తెరపై: తెరిచిన సంచి.]

సంచిలో ఏం పెట్టాలి? నీళ్ల సీసా, మూత గట్టిగా పట్టే డబ్బా, చిన్న చెంచా, తడిపి పిండిన నూలు గుడ్డలు రెండు మూడు, వాడినవి వేయడానికో సంచి. అంతే. డబ్బాలో వెళ్లేటప్పుడు చిరుతిండి, వచ్చేటప్పుడు హోటల్లో మిగిలింది. నూలు గుడ్డలు ఎందుకంటే, బజార్లో దొరికే వెట్ వైప్స్ చాలావాటిలో పాలియెస్టర్ దారం ఉంటుంది, అంటే ప్లాస్టిక్కే. కాగితపు కప్పుల లోపల కూడా సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. "కంపోస్ట్ అవుతుంది" అని రాసి ఉండే పీఎల్ఏ (మొక్కల నుంచి చేసే ఒక రకం ప్లాస్టిక్) కప్పులు కుళ్లాలంటే పారిశ్రామిక కంపోస్ట్ కేంద్రంలో ఉండేంత వేడి కావాలి. మామూలు చెత్తబుట్టలో వేస్తే అవీ అలాగే పడుంటాయి. వీటి కోసం కొత్తగా "ఎకో కిట్" కొనే పని పెట్టుకోకండి. ఇంట్లో ఉన్న పాత డబ్బా చక్కగా సరిపోతుంది.

[దృశ్యం: మళ్లీ హోటల్. పెద్దవాళ్ల పళ్లెంలోంచి ఖాళీ పళ్లెంలోకి రెండు చెంచాలు వడ్డిస్తున్న చెయ్యి.]

ఇప్పుడు అసలు విషయం, తిండి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం లెక్క ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లలోదే, 28 శాతం హోటళ్లు, క్యాంటీన్ల లాంటి చోట్లది. స్ట్రా వద్దని చెప్పి, పళ్లెంలో సగం వదిలేసి లేస్తే లెక్క ఎక్కడ తప్పిందో మీకే తెలుస్తుంది.

వెళ్లగానే పిల్లకు విడిగా ప్లేటు ఆర్డర్ చేయకండి. ఖాళీ పళ్లెం అడగండి. మీ వంటకంలో ఉప్పు, కారం తక్కువ వేయమని ముందే చెప్పి, దాంట్లోంచే రెండు చెంచాలు పెట్టండి. అడిగితే ఇంకో రెండు. ఏం పెట్టాలో మీ ఇష్టం, ఎంత తినాలో పిల్ల ఇష్టం. ముఖం తిప్పుకుంటోంది, నోరు బిగించేసింది, మెతుకులతో ఆడుతోంది అంటే కడుపు నిండిందని. అప్పుడు "ఇంకొక్క ముద్ద, బంగారం" అని బతిమాలడం మొదలుపెడితే ఆ ముద్ద చొక్కా మీదకే వస్తుంది.

కొత్త వంటకమైతే మరీ జాగ్రత్త. రెండేళ్లు వచ్చాక కొత్త రుచిని చూసి వెనక్కి తగ్గడం మామూలే. ఇష్టం కుదరడానికి పది, పదిహేనుసార్లు రుచి చూడాల్సి రావచ్చు. మొదటిసారికి నిండు ప్లేటు ఎందుకు? మీ దాంట్లోంచి చిటికెడు చాలు.

ఒక్క విషయంలో మాత్రం ఎక్కడా రాజీ వద్దు. ద్రాక్షపళ్లు ఐదేళ్లలోపు పిల్లలకు అలాగే ఇవ్వకండి, నిలువుగా నాలుగు ముక్కలు చేసి ఇవ్వండి. ఆ వయసులో వేరుశెనగ, జీడిపప్పు లాంటివీ పలుకులుగా ఇవ్వొద్దు, గొంతుకు అడ్డుపడతాయి. ఏడాదిలోపు బిడ్డకు తేనె చుక్క కూడా నాకించకండి, బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

స్ట్రా, టిష్యూలు, పిల్లల మెనూతో వచ్చే ప్లాస్టిక్ బొమ్మ వద్దనుకుంటే ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పండి. బొమ్మ పిల్ల కంట్లో పడ్డాక "వద్దు నాన్నా" అనడం ఎవరి తరమూ కాదు. పళ్లెం ఆలస్యమైతే ఒకరు బల్ల దగ్గరుండండి, ఇంకొకరు పిల్లను ఎత్తుకుని బయట ఓ చుట్టు తిప్పి తీసుకురండి.

[తెరపై: తడారిన సీసా, ఏడుస్తున్న పిల్ల, కిరాణా కొట్టు.]

ఇంత చేసినా ఒక రోజు బస్సు రాదు, కునుకు వేళ దాటిపోతుంది, సీసా ఇంట్లోనే మర్చిపోతారు. ఎండలో పిల్లను దాహంతో ఉంచి పర్యావరణాన్ని కాపాడక్కర్లేదు. సీసా కొనండి, తాగించండి. సీసా బాగుంటే అదే రోజు దాంట్లోనే మళ్లీ నీళ్లు నింపుకోండి. హోటల్ సంగతి మర్చిపోయి ఇంటికి వెళ్లిపోండి.