కుక్కకి ఇంట్లోనే చికెన్ వండి పెడుతున్నారా? ఇలా చేయండి

నమస్కారమండీ. ఈరోజు కుక్కకి చికెన్ వండుదాం. ఉడికించడం పెద్ద పనేం కాదు. జాగ్రత్త పడాల్సిందల్లా పొయ్యి వెలిగించకముందు, మళ్ళీ గిన్నె దించాక.

ఫ్రీజర్‌లోంచి తీసిన మాంసాన్ని గట్టు మీద వదిలేయకండి. రాత్రే ఫ్రిజ్ కింది అరలో గిన్నెలో పెడితే పొద్దుటికి మెత్తబడుతుంది. పచ్చి చికెన్‌ని కుళాయి కింద కడగొద్దు. నీళ్ళు చిందితే సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా పక్కనున్న గిన్నెల మీదికి చేరుతుంది. దాన్ని చంపేది వేడి, నీళ్ళు కాదు.

కెమెరా దగ్గరికి తెస్తున్నా, ఈ తొడ ముక్క చూడండి. తోలు కింద పసుపుపచ్చగా జారుతోంది కదా, అదంతా కొవ్వు. తోలుతో సహా లాగేయండి. కొవ్వు బాగా ఎక్కువైతే కొన్ని కుక్కలకి పాంక్రియాటైటిస్ వస్తుంది, అంటే క్లోమం వాచిపోయి వాంతులు, కడుపునొప్పి. ఇప్పుడు ఎముక వెంబడే కత్తి దించి మాంసం విడదీద్దాం. తర్వాత ప్రతి ముక్కనీ వేళ్ళతో ఇలా నొక్కి చూడాలి. ఇదిగో, కీలు దగ్గర చిన్న పెంకు దొరికింది! ఇలాంటివే కంటికి కనపడవు. ఉడికిన ఎముక పెళుసుబారి, కొరికితే సూదుల్లా చీలుతుంది. గొంతులో గుచ్చుకోవచ్చు, పేగుకి చిల్లు పడొచ్చు. ఎముక వేయకపోతే కుక్కకి తిన్నట్టే ఉండదని చాలామంది అంటారు. నేనైతే ఉడికిన ఎముక ఎప్పుడూ వేయను.

ముక్కలు మునిగేదాకా నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టండి. ఉప్పు, కారం, మసాలా ఏవీ వద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు. పచ్చివైనా, వేయించినవైనా, పొడైనా సరే, కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. తిన్న వెంటనే ఏమీ తెలియదు, కొన్ని రోజులకి నీరసంగా పడుకుంటుంది, చిగుళ్ళు పాలిపోతాయి. అందుకే మనకి వండుకున్న కూరలోంచి ముక్క తీసి, కడిగి పెట్టడమూ మంచిది కాదు. ఉల్లి సారం అప్పటికే ముక్కలోకి దిగిపోయి ఉంటుంది.

లావు ముక్క మధ్యలో థర్మామీటర్ గుచ్చితే 74 డిగ్రీల సెల్సియస్ చూపించాలి. థర్మామీటర్ లేదా? టెన్షన్ వద్దు, ముక్కలు చిన్నగా కోసి, నీళ్ళు మరగడం మొదలయ్యాక ఇంకో 15 నిమిషాలు ఉంచండి. పైన తెల్లబడింది కదా అని దించేయకండి.

దించాక వెడల్పాటి పళ్ళెంలో పరిస్తే త్వరగా చల్లారుతుంది. 2 గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళిపోవాలి, 3 రోజుల్లో వాడేయాలి. కత్తి, పలక, సింక్, మన చేతులు, అన్నీ సబ్బుతో కడగాలి.

ఇంకొక్క మాట. ఈ చికెన్ ఎప్పుడైనా పెట్టడానికి బాగుంటుంది కానీ, రోజూ ఇదొక్కటే పెడితే చాలదు. మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. ఎదిగే కుక్కపిల్లలకైతే ఎముకలే బలహీనపడతాయి. పూర్తిగా ఇంటి తిండే పెట్టాలనుకుంటే ముందు పశువైద్యుల దగ్గరికి వెళ్ళి, మీ కుక్క బరువు, వయసు చెప్పి, ఏది ఎంత కలపాలో రాయించుకోండి.