ముందు నడిచే దారి, తర్వాతే అరలు: ఇరుకు వంటగదికి కొత్త రూపు

అందరికీ నమస్కారం.

హైదరాబాద్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్లు చాలావాటిలో వంటగది ఒకే తీరుగా ఉంటుంది. పొడవు 10 అడుగులు, వెడల్పు 6 నుంచి 7 అడుగులు. ఒక చివర గుమ్మం, రెండో చివర వాష్ ఏరియా తలుపు, రెండు గోడల వెంట గట్లు. ప్యారలల్ కిచెన్ అంటాం. మార్పించాలనుకున్నవాళ్లు కార్పెంటర్‌ను మొదట అడిగేది ‘ఎన్ని కప్‌బోర్డులు వస్తాయి?’ అని. అసలు ముందు తేల్చాల్సింది మధ్యలో ఎంత దారి మిగులుతుందన్నది.

లెక్క ఇదీ. దారికి 36 అంగుళాలు ముందే తీసి పక్కన పెట్టండి. మామూలు వంటగట్టు లోతు 24 అంగుళాలు. గది 7 అడుగులుంటే, అంటే 84 అంగుళాలు, రెండు పక్కలా 24 చొప్పున గట్లు పోను సరిగ్గా 36 మిగులుతాయి. ఆరున్నర అడుగులైతే ఒక గట్టు 24, ఎదుటిది 18. ఆరడుగులే అయితే ఎదుటి వైపు 12 అంగుళాలకు మించి కట్టకూడదు. ఆరడుగుల గదిలో రెండు పక్కలా 24 కట్టేసిన ఇళ్లు చాలా ఉన్నాయి. అక్కడ మిగిలే దారి రెండడుగులు. కింది అరలో కుక్కర్ తీయడానికి కూర్చుంటే వీపు ఎదుటి అర షట్టర్‌కు, అంటే దాని తలుపుకు, తగులుతుంది. నెల తిరక్కుండానే కింది అరలు వాడటం మానేసి, సామానంతా మళ్లీ గట్టు మీదికి ఎక్కిస్తారు.

12 అంగుళాల వైపును తక్కువగా చూడకండి. పప్పులు, పోపు సామాను, పచ్చళ్ల సీసాలు, కంచాలు, మిక్సీ అన్నీ అందులో పడతాయి. పైగా ఒక డబ్బా వెనక ఇంకో డబ్బా దాక్కోదు. పట్టనివి మైక్రోవేవ్, సింకు. అందుకే స్టవ్వు, సింకు రెండూ లోతైన గట్టు మీదే ఉండాలి, వాటి మధ్య కూరలు తరగడానికి కనీసం రెండున్నర అడుగుల ఖాళీ ఉండాలి. వాస్తు ప్రకారం ఆగ్నేయంలో పొయ్యి, ఈశాన్యంలో నీళ్లు కావాలనేవాళ్లకు, ఈ లోతైన గట్టున్న గోడ తూర్పుదైతే ఇబ్బందే లేదు. కిటికీ కింద మాత్రం స్టవ్వు వద్దు, గాలికి మంట నిలవదు. అంట్ల గిన్నెలను వాష్ ఏరియాకు పంపేస్తే లోపల చిన్న సింకు చాలు. సింకు చోటు మార్చాలంటే డ్రెయిన్ పైపుకు అడుగుకు పావు అంగుళం వాలు దొరుకుతుందో లేదో ముందు చూసుకోండి. వాలు లేకుండా జరిపితే జిడ్డు పేరుకుని పైపు మాటిమాటికీ మూసుకుపోతుంది.

హాలుకూ వంటగదికీ మధ్య గోడ తీసేద్దామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడైతే, స్ట్రక్చరల్ ఇంజనీరు సరేనన్నాక తీయవచ్చు. కొత్త టవర్లు చాలావాటిని మైవాన్ పద్ధతిలో కట్టారు. అక్కడ గోడే కాంక్రీటు, భవనం బరువు మోసేది అదే. దాన్ని పగలగొట్టడం మాట అటుంచండి, వైరు కోసం గాడి కొట్టడం కూడా తప్పే. గోడ జోలికి పోకుండానే గుమ్మం దగ్గర కొంత జాగా సంపాదించుకోవచ్చు. లోపలికి తెరుచుకునే తలుపు తీసేసినా, స్లైడింగ్‌గా మార్చినా రెండున్నర అడుగులు కలిసొస్తాయి.

ఫ్రిజ్ గట్టు కంటే ముందుకు వస్తుంది. దాని లోతు, వెనక వదిలే గాలి సందు కలిపితే 30 అంగుళాల దాకా ఉంటుంది. అందుకే గుమ్మం పక్కన, తక్కువ లోతు గట్టుకు ఎదురుగా పెట్టాలి. కీలు ఉన్న పక్కన గోడకు రెండు మూడు అంగుళాలు వదలకపోతే తలుపు పూర్తిగా తెరుచుకోదు, కూరగాయల ట్రే బయటికి రాదు.

కింద షట్టర్లు వద్దు, సొరుగులు పెట్టించండి. ఖర్చు ఎక్కువే. కానీ ఇరుకు గదిలో డబ్బు పెట్టదగ్గ చోటు ఇదే. సొరుగు లాగితే నిలబడినచోటి నుంచే లోపల ఉన్నది చూడవచ్చు, చతికిలబడక్కర్లేదు. మూడు వరసలు చాలు: పైది 4 అంగుళాలు గరిటెలకు, మధ్యది 7 గిన్నెలకు, కిందిది 12 కుక్కర్లకు, ఇడ్లీ పాత్రకు. ఎదురెదురు సొరుగులు ఒకేసారి తెరిస్తే ఢీకొంటాయి. కాబట్టి ఎక్కువగా వాడేవాటిని ఎదురెదురుగా పెట్టవద్దు. పాత కడప బండల మధ్య ఖాళీలోనే సొరుగులు అమర్చేటట్టయితే, ప్రతి ఖాళీనీ పైన, మధ్యలో, కింద మూడుచోట్ల కొలిచి అన్నిటికంటే తక్కువ కొలతే తీసుకోవాలి. సొరుగు జారే పట్టాకు, అంటే టెలిస్కోపిక్ ఛానెల్‌కు, ఒక్కో పక్క దాదాపు 13 మిల్లీమీటర్లు పోతాయి. అంటే పెట్టె బయటి వెడల్పు, లోపలి ఖాళీ కంటే 26 మిల్లీమీటర్లు తక్కువ. ఇందులో రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే సొరుగు పట్టేస్తుంది, లేదా ఊగుతుంది.

హ్యాండిళ్లకు చీర కొంగులు, చున్నీలు చిక్కుకుంటాయి. షట్టర్ అంచులోనే ఇమిడిపోయే ప్రొఫైల్ హ్యాండిల్ పెట్టిస్తే ముందుభాగం సాఫీగా ఉంటుంది, చూడ్డానికీ బాగుంటుంది. అరల అడుగున నేలకు తగిలే పట్టీని, అంటే స్కర్టింగ్‌ను, 4 అంగుళాల ఎత్తున, రెండు మూడు అంగుళాలు లోపలికి నెట్టి కట్టించండి. పాదాలకు చోటు దొరికి మనిషి గట్టుకు దగ్గరగా నిలబడగలుగుతారు. గాజు షట్టర్లు, పొడవాటి పుల్‌అవుట్ ప్యాంట్రీలు షోరూమ్‌లో ముచ్చటగా ఉంటాయి. ఆరడుగుల గదిలో వాటి పని తక్కువ, తుడిచే చాకిరీ ఎక్కువ.

సరుకు విషయం. పెట్టెలకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, ఐఎస్ 710 (నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ ప్రమాణం) ముద్ర ఉన్నది తీసుకోండి. సింకు కింద మాత్రం డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) బోర్డు మేలు, దాని వెనక పలక బిగించవద్దు. లీకైతే పైపు కనబడాలి కదా! అంచులకు 2 మిల్లీమీటర్ల పీవీసీ బ్యాండ్ వేయించండి. గట్టుకు చీమకుర్తి నల్ల గ్రానైట్ గట్టిది, కానీ బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఉప్పు మరకలు దాని మీద తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. కరీంనగర్ గోధుమ రంగు గ్రానైట్ టాన్ బ్రౌన్ మీద అంతగా తెలియవు. సింకు 304 గ్రేడు స్టీలుది తీసుకోండి. కింది అరలకు ముదురు రంగు మ్యాట్ సన్‌మైకా, పై అరలకు గోడతో కలిసిపోయే లేత రంగు వేస్తే గది ఎత్తుగా కనిపిస్తుంది. హాలు ఫ్లోరింగే లోపలికి కొనసాగితే ఇంకా మంచిది. గ్లాసీ ఫినిష్ వెలుతురు పెంచుతుంది నిజమే, పసుపు చేతుల ముద్రలనూ అంతే బాగా చూపిస్తుంది.

లైటు సీలింగ్ మధ్యలో ఒక్కటే ఉంటే, కూరలు తరిగేవాళ్ల నీడ చాపింగ్ బోర్డు మీదే పడుతుంది. పై అరల అడుగున, ముందు అంచుకు దగ్గరగా 4000 కెల్విన్ (మరీ పసుపూ మరీ నీలమూ కాని తెలుపు) ఎల్ఈడీ పట్టీ బిగిస్తే ఆ నీడ పోతుంది. వీటి ధరలు చూడ్డానికి ట్రూప్ బజార్, హార్డ్‌వేర్‌కు రాణీగంజ్ ఒకసారి తిరిగి రండి, కొటేషన్‌లో రాసిన రేటు సరైనదో కాదో తెలిసిపోతుంది. 16 ఆంపియర్ల ప్లగ్గులకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) తప్పనిసరి.

చిమ్నీ స్టవ్వుకు 26 నుంచి 30 అంగుళాల ఎత్తున ఉండాలి. గొట్టం 6 అంగుళాలది. గోడకు చిన్న రంధ్రమే ఉందని దాన్ని 4 అంగుళాలకు కుదిస్తే మోత పెరుగుతుంది, తిరగమోత పొగ మాత్రం ఇంట్లోనే ఉంటుంది. రెండు మలుపులు దాటనివ్వవద్దు.

గ్యాస్ దగ్గర జాగ్రత్త. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే నేలకు దిగుతుంది. సిలిండర్ అర షట్టర్‌కు అడుగున గాలి రంధ్రాలు ఉండాలి. భాగ్యనగర్ గ్యాస్ పైపు కనెక్షన్ ఉన్న ఇళ్లలో అది సహజవాయువు, గాలి కంటే తేలిక. అక్కడ రంధ్రాలు పైన ఉండాలి. సిలిండర్ తీసేసి పైపుకు మారినప్పుడు పాత షట్టర్‌నే ఉంచేసి ఈ సంగతి మరిచిపోతారు.

పని వరస ఇలా నడవాలి: పాతవి తీయడం, పైపులు, వైరింగ్, ప్లాస్టరింగ్, గ్రానైట్, గోడకు వేసే డాడో టైల్స్, ఆ తర్వాతే కార్పెంటర్ చివరి కొలత. టైలూ దాని కింది గమ్మూ కలిసి అర అంగుళం దాకా తింటాయి. టైల్స్‌కు ముందు కొలిచి చేసిన పెట్టె గోడల మధ్య పట్టదు, అప్పుడు కోసి బిగిస్తారు. కోసిన అంచుకు బ్యాండ్ ఉండదు, తడి అక్కడి నుంచే ఎక్కుతుంది. మిగతా డబ్బు ఇచ్చే ముందు సింకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదలండి, సొరుగులన్నీ సామాను నింపి లాగి చూడండి. ఖాళీ సొరుగు ఎవరు చేసినా బాగానే జారుతుంది.