మెడూసా బతికుండగానే రెక్కల గుర్రం ఎక్కడిది?

[తెర మీద: చీకటి గుడి. స్తంభాల మధ్య ఎర్రటి మంట వెలుగు. ఎవరూ కనబడరు. తోక చప్పుడు మాత్రం వినిపిస్తుంది.]

ఒక్క ఐదు సెకన్లు నేను నోరు మెదపను. ఆ చప్పుడు వినండి.

విన్నారా? చంటిపిల్లల గిలక్కాయని ఎవరో నేల మీద ఈడ్చుకుపోతున్నట్టు లేదూ? అది గ్రీకు పురాణాల్లోని రాక్షసి మెడూసా తోక. 1981లో వచ్చిన 'క్లాష్ ఆఫ్ ద టైటన్స్'లో గ్రీకు వీరుడు పెర్సియస్ స్తంభం చాటున నక్కి, ఆ చప్పుడు ఎటు నుంచి వస్తోందా అని బిక్కుబిక్కుమంటూ ఉంటాడు. ఈ సీన్ మొదటిసారి కేబుల్ టీవీలో వచ్చినప్పుడు నేను మొహానికి దిండు అడ్డం పెట్టుకుని చూశా. మా అక్క ఇప్పటికీ పెళ్లిళ్లలో నలుగురు చేరితే ఆ ముచ్చట తీస్తుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. అలా తోక మోగించే పామును రాటిల్ స్నేక్ అంటారు. అది ఉండేది అమెరికా ఖండాల్లోనే. ఈ కథ చెప్పుకున్న పాతకాలపు గ్రీకువాళ్లలో ఆ చప్పుడు విన్నవాడు ఒక్కడూ ఉండడు. అసలు పాత గ్రీకు కుండల మీది బొమ్మల్లో మెడూసాకి కింద పాము ఒళ్లే లేదు. రెండు కాళ్లు, భుజాలకి రెక్కలు, మోకాలు వంచి పరుగు. చేతిలో విల్లూ బాణాలూ కూడా సినిమావాళ్లు ఇచ్చినవే.

తప్పేగా మరి? తప్పే. కానీ ఆ తప్పు తీసేస్తే సీన్‌లో ప్రాణం పోతుంది. మెడూసాని చూస్తే రాయైపోతారు. చూడకూడని శత్రువు ఏ మూల ఉందో హీరోకి తెలియాలంటే ఇక చెవులే దిక్కు. అందుకే ఆ తోకకి గిలక్కాయ తగిలించారు.

కాబట్టి ఇవాళ తప్పులు పట్టేటప్పుడు నా లెక్క ఇది: పురాణం మార్చారా అని అడిగి ఊరుకోను. మార్చినందుకు కథకి ఏం దక్కింది, ఏం పోయింది అని అడుగుతా. మనకిది కొత్తేమీ కాదు. అభిమన్యుడు పెళ్లాడిన శశిరేఖ వ్యాస భారతంలో లేదు, అక్కడున్నది ఉత్తర. ఆ సంగతి తెలిసి 'మాయాబజార్' మధ్యలో లేచి వెళ్లిపోయినవాణ్ని నేనైతే చూడలేదు.

[కట్. తెర మీద: కాలిబోస్ రెండు షాట్లు పక్కపక్కన.]

ముందు కంటిన్యూటీ, అంటే ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ పొంతన. ఈ సినిమాలో విలన్ కాలిబోస్. సముద్ర దేవత థెటిస్ కొడుకు, శాపం తగిలి వికృతంగా మారినవాడు. గ్రీకు పురాణాల్లో ఎక్కడ వెతికినా వీడు దొరకడు. షేక్‌స్పియర్ నాటకంలో కాలిబాన్ అని ఒక పాత్ర ఉంది, పేరు అటు నుంచి వచ్చి ఉంటుందని నా అనుమానం.

ఎడమ పక్క షాట్ చూడండి. దూరం నుంచి నడుస్తున్నాడు. వెనక తోక ఆడుతోంది, కాలు వంపు మేకకాలులా ఉంది. ఇప్పుడు కుడి పక్క. మొహం దగ్గరగా, మాట్లాడుతున్నాడు. ఈ కాలిబోస్‌కి తోక ఉందన్న సంగతే కెమెరాకి గుర్తున్నట్టు లేదు. చర్మం మెరుపు కూడా వేరు. ఎందుకంటే వీళ్లు ఇద్దరు. దూరపు షాట్లలో ఉన్నది ఈ సినిమా ఎఫెక్ట్స్ నిపుణుడు రే హ్యారీహౌసెన్ చేసిన బొమ్మ. దగ్గరి షాట్లలో ఉన్నది నీల్ మెకార్తీ అనే నటుడు, మొహం నిండా మేకప్‌తో.

బొమ్మని నడిపించడం ఎలాగో చెప్తా. లోపల కీళ్లున్న లోహపు అస్థిపంజరం, పైన రబ్బరు ఒళ్లు. కాలు వెంట్రుకవాసి జరుపుతారు, ఒక ఫ్రేమ్ తీస్తారు. మళ్లీ జరుపుతారు, మళ్లీ ఒకటి. తెర మీద ఒక్క సెకనుకి 24 ఫ్రేములు. మెడూసా విషయంలో ఒళ్లు, చేతులు, తోకతో పాటు తల మీది ప్రతి పామునీ విడివిడిగా కదపాలి. ఏ పాము ఎటు తిరుగుతోందో మర్చిపోయారా, అది తెర మీద టక్కున ఎగిరినట్టు కనబడుతుంది. అలాంటి బొమ్మకి పెదాలు కదిపి పేజీలకి పేజీలు డైలాగులు చెప్పించడం ఎవరి తరం? అందుకే మాటలకి మనిషి, నడకకి బొమ్మ.

ఇంకో దొంగ కూడా ఇక్కడే దొరుకుతాడు. నటుల్ని ముందే తీసిన షాట్‌ని బొమ్మ వెనక తెర మీద వేసి, రెండిటినీ కలిపి మళ్లీ కెమెరాతో తీసేవాళ్లు. జిరాక్స్‌కి జిరాక్స్ తీస్తే అక్షరాలు పలచబడతాయి చూడండి, అదే జరిగింది. రాక్షసి వచ్చే ముందు షాట్ నిగనిగలాడుతుంది, రాగానే వెనకున్న కొండలు వెలిసిపోయి ఇసుక చల్లినట్టు అవుతాయి. అప్పటి కేబుల్ టీవీలో అన్నీ ఇసుకగానే ఉండేవి కాబట్టి బతికిపోయింది. హెచ్‌డీలో దొరికిపోయింది. పనిలో పనిగా మీకో చిట్కా: సినిమాలో కొండ రంగు మారిందంటే బొమ్మ వస్తోందని అర్థం.

వీటిని నేను క్షమించేస్తా. అది చేతిపని మచ్చ. 1981 నాటికే పాతబడిన పద్ధతి అది, హ్యారీహౌసెన్‌కి ఇదే చివరి పూర్తినిడివి చిత్రం.

[తెర మీద: పెగాసస్ ఆకాశంలో.]

క్షమించలేనిది గుర్రం.

సినిమాలో పెర్సియస్ ముందు పెగాసస్‌ని పట్టుకుంటాడు, ఆ తర్వాతే మెడూసా తల నరుకుతాడు. గ్రీకు కవి హెసియడ్ చెప్పిన కథలో ఇది జరగడానికే వీల్లేదు. ఎందుకంటే పెగాసస్ పుట్టిందే తెగిన మెడూసా మెడలోంచి! సముద్ర దేవుడు పోసైడన్ వల్ల ఆమె గర్భంతో ఉంటుంది. కత్తి పడగానే మెడలోంచి రెక్కల గుర్రమూ, క్రిసావోర్ అనేవాడూ బయటికి దూకుతారు. అంటే సినిమాలో కొడుకేమో ఆకాశంలో ఎగురుతున్నాడు, తల్లేమో ఇంకా గుడిలో ప్రాణాలతో ఉంది. పాతకథలో పెర్సియస్‌కి గుర్రం పనే లేదు, అతను ఎగిరేది రెక్కల చెప్పులతో. పెగాసస్‌ని ఎక్కి రాక్షసిని చంపినవాడు బెలెరోఫోన్, ఆ కథ వేరు.

సినిమావాళ్లకి ఈ సంగతి తెలియక కాదు. స్క్రీన్‌ప్లే అవసరం అది. రాత్రిపూట పెద్ద రాబందు వచ్చి యువరాణి ఆండ్రోమెడా ఆత్మని పంజరంలో పెట్టి ఎగరేసుకుపోతుంది. దాని వెంట పడాలంటే హీరోకి మొదట్లోనే ఎగిరే వాహనం కావాలి. పైగా పెర్సియస్‌ని పెగాసస్ మీద కూర్చోబెట్టడం యూరప్ చిత్రకారులు శతాబ్దాల క్రితమే మొదలుపెట్టారు, కాబట్టి ఆ నేరమంతా సినిమా నెత్తినే వేయలేం.

అయినా పోయింది ఎంతో చూడండి. అంత భయంకరమైన రాక్షసి, ఆమెని చంపిన క్షణంలోనే తెల్లటి రెక్కల గుర్రం పుట్టడం! ఆ సీన్ ఎవరైనా వదులుకుంటారా? రబ్బరు బొమ్మకి ప్రాణం పోసిన మనిషి చేతిలో పడితే అది ఎక్కడికో వెళ్లేది.

రక్తం సంగతి మాత్రం భలే పట్టుకున్నారు. మెడూసా తల పట్టుకుని పెర్సియస్ లిబియా మీదుగా ఎగురుతుంటే కారిన బొట్లు ఇసుకలో పడి పాములయ్యాయని రోమన్ కవి ఓవిడ్ రాశాడు. సినిమాలో ఆ రక్తం లోంచి పాములకి బదులు రాక్షసి తేళ్లు లేస్తాయి. మార్పే, కానీ మూలం చదివి చేసిన మార్పు. ఆండ్రోమెడా ఊరు జోప్పా అనడం కూడా అంతే. ఆమెది ఇథియోపియా కదా, తప్పు రాశారని ఎగతాళి చేస్తుంటారు. సముద్ర జంతువుకి బలిగా ఆమెని కట్టేసిన బండ జోప్పా దగ్గరే, అంటే ఇప్పటి ఇజ్రాయెల్‌లోని జాఫా దగ్గరే ఉందని పాతకాలం రచయితలే రాసిపెట్టారు. ఇక్కడ ఎగతాళి చేసినవాళ్లే దొరికిపోయారు.

[తెర మీద: లోహపు గుడ్లగూబ బుబో.]

బుబో. పిల్లలకి ఇష్టం, నాకు చిరాకు. పురాణంలో లేదు. పేరు కూడా లాటిన్, అదీ పెద్ద కొమ్ముల గుడ్లగూబ పేరు. ఎథీనా దేవి పక్షి చిన్న గుడ్లగూబ, శాస్త్రవేత్తలు దాని జాతికి ఆ దేవత పేరే పెట్టారు. మన ఊళ్లలో చెట్టు తొర్ర లోంచి గుడ్లు తిప్పుతూ తొంగిచూసే చుక్కల చిన్న గుడ్లగూబదీ అదే ఎథీన్ జాతి. సరే, ముందుకెళ్దాం.

[తెర మీద: సముద్రం లోంచి నాలుగు చేతులు లేస్తాయి.]

ఇక క్రాకెన్. పేరు నార్వే సముద్రాలది. అక్కడి నావికుల కథల్లోని జంతువు, 1750ల్లో బెర్గెన్ బిషప్ పొంటొప్పిడాన్ తన పుస్తకంలో వర్ణించి దాన్ని ప్రపంచానికి పరిచయం చేశాడు. గ్రీకు కథలో ఆండ్రోమెడా మీదికి వచ్చేది కీటోస్, అంటే ఆ భాషలో పెద్ద సముద్ర జంతువు. పేరు మారితే మునిగిందేముంది అంటారేమో. మెడూసా తల్లి పేరు కీటో. ఆ జంతువు పేరులోనే మెడూసా పుట్టింటి పేరు దాగుంది. క్రాకెన్ అనగానే ఆ చుట్టరికం పుటుక్కున తెగిపోయింది.

మరి టైటన్లేరి? క్రాకెన్‌నే ఒక టైటన్ అనేసి, దాని మీదికి మెడూసాని ఎగదోసి, టైటన్ మీద టైటన్ అని పేరు నిలబెట్టుకున్నారు. అసలు టైటన్లంటే పాత తరం దేవతలు, క్రోనస్, అతని తోబుట్టువులు. దేవతల రాజు జ్యూస్‌తో వాళ్ల యుద్ధం పెర్సియస్ పుట్టడానికి ఎప్పుడో ముందే ముగిసింది.

[కట్. తెర మీద: 2010 సినిమా పోస్టర్.]

2010లో ఇదే కథని మళ్లీ తీశారు. శామ్ వర్తింగ్టన్ హీరో, లియామ్ నీసన్ జ్యూస్. ఇందులో అరబ్బు కథల జిన్నులు గ్రీకు వీరుడి పక్కన నడుస్తుంటారు, దాన్ని వదిలేయండి. విలన్ ఎవరో చూడండి: పాతాళానికి రాజు హేడీస్. పాతకథలో పెర్సియస్‌కి కనబడకుండా చేసే టోపీ ఎవరిదో తెలుసా? ఈ హేడీస్‌దే! చచ్చినవాళ్ల లోకాన్ని ఏలేవాడు కాబట్టి చెడ్డవాడే అయి ఉంటాడని తీర్మానించేశారు. మన యముణ్ని చూడండి, సినిమాల్లో ఎంత కామెడీ చేసినా ఆయన ధర్మరాజు అన్నది మాత్రం ఎవరూ మర్చిపోలేదు.

అదీ పర్లేదు. అసలైంది ఇప్పుడు చెప్తా, కాస్త గట్టిగా కూర్చోండి.

ఈ సినిమాలో పెర్సియస్‌కి జోడీ ఆండ్రోమెడా కాదు, ఐయో. చివర్లో చనిపోయిన ఐయోని జ్యూస్ బతికించి మరీ కొడుకు దగ్గరికి పంపిస్తాడు. ఇప్పుడు వంశవృక్షం చదువుతా, వేళ్లు మడవండి. పెర్సియస్ తల్లి డానే. ఆమె తండ్రి అక్రీసియస్. అతని తండ్రి అబాస్. అతని తల్లి హైపర్‌మ్నెస్ట్రా. ఆమె తండ్రి డానౌస్. అతని తండ్రి బేలస్. అతని తల్లి లిబియా. ఆమె తండ్రి ఎపాఫస్. ఎపాఫస్ తల్లి... ఐయో.

తొమ్మిది తరాల వెనకటి ముత్తవ్వ! ఎపాఫస్ తండ్రి ఎవరనుకున్నారు? సాక్షాత్తూ జ్యూస్. అంటే ఆ పెద్దాయన ఒకప్పటి తన ప్రియురాలిని, తన కొడుక్కి తొమ్మిది తరాల పైనున్న అవ్వని, తన చేత్తో తెచ్చి జోడీ కట్టాడు. మన ఊళ్లో పెళ్లిచూపులకి ముందు ఇంటిపేరు, గోత్రం అడిగే పెద్దమనిషి ఒక్కడు ఆ స్క్రిప్ట్ సిట్టింగ్‌లో ఉంటే బాగుండేది.

[తెర మీద: 1981 సినిమా చివరి దృశ్యం. నక్షత్రాలు.]

మళ్లీ పాత సినిమాకే వెళ్దాం. పెర్సియస్ క్రాకెన్‌కి మెడూసా తల చూపిస్తాడు, అది రాయైపోయి ముక్కలవుతుంది. పని అయిపోగానే ఆ తలని సముద్రంలోకి విసిరేస్తాడు. పాతకథలో దాన్ని ఎథీనాకిస్తే ఆమె తన కవచం మీద పెట్టుకుంటుంది. ఆ తర్వాత జ్యూస్ వీళ్లందరినీ నక్షత్రాల్లో నిలుపుతున్నానని ప్రకటిస్తాడు. పెర్సియస్, ఆండ్రోమెడా, పెగాసస్, ఆండ్రోమెడా తల్లి కాసియోపియా. ఈ మాట పురాణంలో ఉన్నదే. ఆ పేర్లతో నక్షత్ర మండలాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటికి కాస్త దక్షిణంగా సీటస్ అని ఇంకో మండలం కూడా ఉంది, అంటే మన కీటోస్. ఆకాశంలో క్రాకెన్ లేదు.

డిసెంబర్‌లో రాత్రి తొమ్మిదింటికి డాబా ఎక్కండి. ఉత్తరం వైపు ఎం అక్షరంలా ఐదు చుక్కలు కనిపిస్తే అది కాసియోపియా. అక్కడి నుంచి చూపు కాస్త కుడివైపుకి, నడినెత్తి వైపుకి జరిపితే పెర్సియస్. అందులో ఆల్గోల్ అనే నక్షత్రం ఉంది. పాత పటాల్లో పెర్సియస్ పట్టుకున్న మెడూసా తల అక్కడే గీస్తారు. నిజానికి అది ఒక్కటి కాదు, ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే నక్షత్రాలు. మసకది వెలుగుదానికి అడ్డం వచ్చినప్పుడల్లా, అంటే సుమారు 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి, వెలుగు మూడో వంతుకి పడిపోతుంది. కొన్ని గంటలకి మళ్లీ మామూలే. కళ్లతోనే చూడొచ్చు, అద్దాలేం అక్కర్లేదు.

సముద్రంలోకి విసిరేశాడన్న తల అక్కడే ఉంది, అతని చేతిలోనే. ఇంకా కన్ను కొడుతోంది.

[తెర నలుపు. తోక చప్పుడు.]